కుట్టు నిడివి

నచ్చని నవలను ఒక్క మాటతో పక్కన పెట్టాలంటే మన సమీక్షకుల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది: అతుకుల బొంత. సంకీర్ణ ప్రభుత్వాలకీ అదే మాట, కథ కుదరని సినిమాలకీ అదే మాట. ఆ తిట్టు విప్పి చూస్తే లోపల రెండు అభియోగాలుంటాయి. ముక్కలు తలో చోటి నుంచీ వచ్చాయన్నది ఒకటి. అవి కలిసిన చోట కుట్లు బయటికి కనిపిస్తున్నాయన్నది రెండోది. బొంతలు కుట్టే మనిషిని అడిగితే మొదటిదాన్ని నేరంగా ఒప్పుకోదు. ముక్కలు తలో చోటి నుంచీ రాకపోతే దాన్ని దుప్పటి అంటారు గానీ బొంత అనరు. రెండోదాని దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కుట్టు కనిపించాలా? కనిపిస్తే, ఎవరి కుట్టు?

ఈ ప్రశ్నని నేను ఏ విమర్శ వ్యాసంలోంచీ తెచ్చుకోలేదు. ఇంట్లోకి ఒక కుట్టుమిషన్ కొనాల్సొచ్చింది. ఏది కొనాలో తేల్చుకోడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. రోజూ కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి అలవాటు కొద్దీ ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. "మిషన్ కొంటున్నావా, ఫ్యాక్టరీ పెడుతున్నావా?" అంది నా భార్య. ఆ షీట్‌లో నిలువు వరసలు పెరిగే కొద్దీ నేను కొలుస్తున్నది మిషన్లని కాదని అర్థమవుతూ వచ్చింది.

ముందు బొంత సంగతి చెప్తాను. మా అమ్మమ్మ పోయి నాలుగేళ్ళు. ఆవిడ కట్టి కట్టి మెత్తబడ్డ నేత చీరలు అమ్మ దగ్గరికి చేరాయి. బీరువాలో దాచుకోడానికి అవేమీ పట్టుచీరలు కావు. అమ్మ వాటిలో ఏడింటిని ముక్కలు చేసి పైపొర కూర్చింది. మధ్యలో తాతయ్య పంచెలు రెండు పొరలు. అడుగున అమ్మమ్మదే ఇంకో గళ్ళ చీర. అమెరికా క్విల్టులో అయితే మధ్యలో దూదిపొర ఉంటుంది. మన బొంతలో పాతబట్టే దూది. కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్లో కాంథా, పేరేదైనా లెక్క ఒకటే. చిరిగేదాకా కట్టిన బట్టను నాలుగైదు పొరలుగా పేర్చి, ఆ పొరలు ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసలు వరసలుగా కుడతారు. కుట్టు ఇక్కడ అలంకారం తర్వాత, ముందు కట్టుబాటు.

అమ్మ ఆ బొంతను సగానికి పైగా చేత్తోనే కుట్టింది. తర్వాత ఆపేసింది. అడిగితే కళ్ళు లాగుతున్నాయంది. ఇంకొన్ని నెలలకి, టీవీ చూస్తూ ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ కుడిచేతిలో బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదలడం చూశాను, మధ్యలో ఏదో మాత్ర పెట్టి నలుపుతున్నట్టు. న్యూరాలజిస్టు ఆవిణ్ణి నడిపించి చూశాడు. వేళ్ళు తాటించి చూశాడు. తర్వాత ఒక కాగితం ఇచ్చి నాలుగు లైన్లు ఏదైనా రాయమన్నాడు. అమ్మ తన పేరూ, ఊరూ, మా పేర్లూ రాసింది. మొదటి లైన్లో అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. నాలుగో లైనుకొచ్చేసరికి ఒకదాన్నొకటి ఆనుకుని చీమల బారులా అయిపోయాయి. పార్కిన్సన్స్‌లో చేతిరాత ఇలా పోను పోను చిన్నదవడం ఒక లక్షణమట. దానికి మైక్రోగ్రాఫియా అని ఒక పేరు కూడా ఉంది.

ఆ రాత్రి బీరువా మీద నుంచి బొంత దించి దీపం కింద పరుచుకుని చూశాను. మొదటి వరసల్లో అంగుళానికి 4 కుట్లు. ఎక్కడ లెక్కపెట్టినా 4, మహా అయితే 5. ఆఖరి ఆరేడు వరసల్లో ఆ లెక్క మెల్లిగా పెరుగుతూ వచ్చింది. చివరి రెండింటిలో అంగుళానికి 9, 10. బట్ట ముడతలు పడేంత బిగువుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నట్టు. అవి కుట్టిన నాటికి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. డాక్టరు దాన్ని సాక్ష్యం కింద తీసుకుంటాడో లేదో నాకు తెలీదు గానీ, ఆయన కాగితం మీద చదివింది అంతకు చాలా ముందే ఒక పాత చీర మీద రాసి ఉన్నట్టు నాకనిపించింది.

అమ్మకి మాత్రం ఇవేమీ పట్టలేదు. ఆవిడకి బొంత పూర్తవ్వాలి. "చేత్తో ఇంక నావల్ల కాదులే నాన్నా. ఆ చివరి రెండు వరసలూ పీకేసి, అక్కణ్ణుంచి మిషన్ మీద కుట్టేద్దాం. చూసినోళ్ళు నవ్వుతారు" అంది. మిషన్ వెతుకులాట అలా మొదలైంది.

బొంతకి ఏ మిషనైనా చాలదా అంటే, చాలదు. మామూలుగా కుట్టేటప్పుడు బట్టను నడిపేది మనం కాదు, మిషన్. సూది కింద ప్లేటులో చిన్న ఇనుప పళ్ళుంటాయి, ఫీడ్ డాగ్స్ అంటారు. పైనుంచి ఫుట్ బట్టను నొక్కి పట్టుకుంటుంది. కింద నుంచి ఆ పళ్ళు ఒక్కో కుట్టుకీ ఒక్కో అడుగు చొప్పున బట్టను వెనక్కి తోస్తాయి. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లని డయల్ తిప్పితే చివరిదాకా 2.5 మిల్లీమీటర్లే. జాకెట్టు పక్కకుట్టుకి ఇంతకంటే ఏం కావాలి? కానీ అయిదడుగుల వెడల్పున్న నాలుగు పొరల బరువుని తిప్పుతూ, వంకలు పోతూ, ముక్కల చుట్టూ తిరిగి కుట్టాలంటే ఈ పద్ధతి అడ్డం పడుతుంది. పై పొరా అడుగు పొరా ఒకే వేగంతో నడవవు. మధ్యలో ముడతలొస్తాయి.

ఫ్రీ మోషన్ క్విల్టింగ్‌లో ఆ పళ్ళని కిందకి దించేస్తారు. మామూలు ఫుట్ తీసేసి, సూదితో పాటు లేస్తూ దిగుతూ ఉండే స్ప్రింగు ఫుట్ పెడతారు. ఇప్పుడు బట్టను పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు, మన రెండు చేతులు తప్ప. ముందుకీ వెనక్కీ పక్కలకీ ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. పెన్ను ఒకచోటే నిలబడి ఉంటే కాగితాన్ని కదిపి సంతకం చెయ్యడం లాంటిది.

ఇదేదో అమెరికా మామ్మల కాలక్షేపం అనుకోనక్కర్లేదు. జీన్ ప్యాంటు మోకాలి దగ్గర చిరిగితే రఫ్ఫు చేసే టైలరు చేసేది ఇదే. చిరుగు మీద బట్టను చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతూ దారంతోనే నేతలాంటిది వేసేస్తాడు. జాకెట్టు మీద మిషన్ ఎంబ్రాయిడరీతో నెమలి వేసేవాళ్ళూ అంతే. రింగులో బిగించిన బట్టను సూది కింద తిప్పుతుంటే రెక్కలు విచ్చుకుంటాయి. చాలామంది ఆ పని నల్లరంగు కాలి మిషన్ల మీదే చేశారు. పేరు ఇంగ్లీషుదే గానీ, పని మన వీధి చివర ఎప్పటి నుంచో జరుగుతున్నదే.

ఇక్కడే నాకు ఆసక్తి కలిగించిన చిన్న లెక్క ఒకటుంది. పళ్ళు దించేశాక కుట్టు పొడవుని నిర్ణయించే డయల్‌కి ఇంక పనిలేదు. కుట్టు పొడవంటే చేతి వేగాన్ని సూది వేగంతో భాగించగా వచ్చేది. సూది నిమిషానికి 600 సార్లు దిగుతుంటే, 2.5 మిల్లీమీటర్ల కుట్టు రావాలంటే చెయ్యి నిమిషానికి మీటరున్నర, అంటే సెకనుకి 2.5 సెంటీమీటర్లు కదలాలి. చెయ్యి నెమ్మదిస్తే కుట్లు చిన్నవై కిక్కిరిసిపోతాయి. చెయ్యి తొందరపడితే పొడుగ్గా సాగి, ఉతికినప్పుడు వేలికో మెట్టెకో తగులుకుని తెగుతాయి. అంటే ప్రతి కుట్టూ, ఆ క్షణంలో చెయ్యి ఎంత వేగంగా ఉందో చెప్పే ఒక నమోదు. ఇంజనీర్లు లాగ్ ఫైల్ అంటారు దీన్ని.

అమ్మ చేతికి ఏ లెక్క సరిపోతుంది? పార్కిన్సన్స్ వణుకు గురించి బయట ఉన్న ఊహకీ దాని తీరుకీ తేడా ఉంది. ఎక్కువమందిలో ఆ వణుకు చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. ఏదైనా పట్టుకోవాలని చెయ్యి చాస్తే తగ్గుతుంది. అసలు ఇబ్బంది నెమ్మదితనం. కదలిక మొదలవడానికి టైం పడుతుంది. మొదలయ్యాక పోను పోను చిన్నదవుతుంది. సన్నటి సూదిని రెండు వేళ్ళతో పట్టి నాలుగు పొరల్లోంచి గుచ్చి తియ్యడం ఆ చేతికి పెద్ద శిక్ష. అదే రెండు అరచేతులూ బట్ట మీద ఆనించి మొత్తం బట్టను జరపడం మోచేతి నుంచి వచ్చే పెద్ద కదలిక. అది ఆవిడ చెయ్యగలదు. ఫిజియోథెరపిస్టు కూడా పెద్ద పెద్ద కదలికలే చెయ్యమంటుంది. అందుకని సూది వేగం అమ్మ చేతి దగ్గరకి దిగి రావాలి. నిమిషానికి 200కి దిగితే, అదే 2.5 మిల్లీమీటర్ల కుట్టుకి చెయ్యి సెకనుకి 8 మిల్లీమీటర్లు కదిలితే చాలు.

దాంతో నా స్ప్రెడ్‌షీట్‌లో మొదటి వరస మారిపోయింది. మిషన్ల ప్రకటనల్లో నిమిషానికి ఎన్ని కుట్లు వేస్తుందో గొప్పగా రాస్తారు. నాకు కావాల్సింది ఎంత నెమ్మదిగా, ఆగిపోకుండా, బలం తగ్గకుండా వెయ్యగలదన్నది. ఆ అంకె ఏ బ్రోషర్లోనూ ఉండదు. షాపుకి నాలుగు పొరల బట్టముక్క పట్టుకెళ్ళి, వేగం మీట చివరికంటా దించి, చూసుకోవాల్సిందే.

సికింద్రాబాద్‌లో నేను తిరిగిన షాపుల్లో అన్నిచోట్లా మొదటి ప్రశ్న "మేడంకా సార్?" అనే. నాకే అంటే టైలరింగ్ షాపు పెడుతున్నాననుకునేవాళ్ళు. ఊళ్ళో టైలర్లందరూ మగవాళ్ళే అయినా, ఇంట్లో మిషన్ ముందు మాత్రం మగవాడు కూర్చోకూడదన్నమాట. ఒక షాపాయన క్విల్టింగ్ అన్న మాట వినగానే, డిజైన్ ఎక్కిస్తే దానంతటదే పువ్వులు కుట్టేసే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ చూపించి, "దీంట్లో మీరు చెయ్యాల్సిందేమీ ఉండదు సార్" అన్నాడు. ఎవరికైనా అది మంచి వార్తే.

మార్కెట్లో ఉన్నవాటిని నాకర్థమైనంతలో నాలుగు రకాలు చెయ్యొచ్చు.

మొదటిది నల్లటి పాత మిషన్. ఉషా, సింగర్, ఇంకా ఎన్నో పేర్లతో ఉన్నా వంశం ఒకటే. పోత ఇనుము, నేరు కుట్టు తప్ప ఇంకో కుట్టు రాదు. ఆ ఒక్క కుట్టూ అందంగా వేస్తుంది. ప్లేటులో సూది దిగే రంధ్రం చిన్నది కాబట్టి బట్ట లోపలికి కుంగదు. రిపేరు చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. కానీ కాలితో తొక్కుతూ, చక్రం వెనక్కి తిరక్కుండా చూసుకుంటూ, రెండు చేతులతో బట్ట నడపడం అంటే ఒకేసారి మూడు పనులు. కాలూ చెయ్యీ ఒక తాళానికి రావడమే కష్టమైన మనిషికి అది కుదరదు.

రెండోది పదీ ఇరవై వేల మధ్య దొరికే తెల్లటి ఇంటి మిషన్లు. జిగ్‌జాగ్, గుండీ కాజాలు, పది ఇరవై డిజైన్ కుట్లు. వీటిలో చూడాల్సినవి రెండు. పళ్ళు కిందకి దించే మీట ఉందా? చవక మోడళ్ళలో కొన్నిటికి ఉండదు, పళ్ళ మీద ఒక ప్లాస్టిక్ మూత బిగించుకోమంటారు. అదీ పనిచేస్తుంది గానీ మందం బట్టకి మూత అడ్డం. రెండోది, సూదికీ కుడిపక్క స్తంభానికీ మధ్య ఖాళీ. మామూలు ఇంటి మిషన్లలో అది ఆరేడు అంగుళాలు. జాకెట్టుకి ఎక్కువే. మంచం బొంతను చుట్టగా చుట్టి అందులోంచి దూర్చాలంటే ప్రతి మలుపులోనూ యుద్ధమే.

మూడోది క్విల్టింగ్ వాళ్ళు ఇష్టపడే నేరుకుట్టు మిషన్లు. జూకీ టీఎల్ వరస లాంటివి. ఖాళీ ఎనిమిదిన్నర అంగుళాల దాకా ఉంటుంది. నిమిషానికి 1,500 కుట్లు వేస్తుంది, కాకపోతే ఒక మీట జరిపి ఆ వేగానికి పైన కళ్ళెం వెయ్యొచ్చు. ఆ కళ్ళెమే నాకు కావాల్సింది.

నాలుగోది స్టిచ్ రెగ్యులేటర్ ఉన్నవి. ధర లక్షల్లో. ఫుట్ దగ్గర ఒక ఆప్టికల్ సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ మౌస్ అడుగున ఉండేలాంటిది. బట్ట ఎంత వేగంగా కదులుతోందో అది చూస్తూ, దానికి తగ్గట్టు మోటారు వేగాన్ని మారుస్తుంది. చెయ్యి నెమ్మదిస్తే సూదీ నెమ్మదిస్తుంది, చెయ్యి తొందరపడితే సూదీ తొందరపడుతుంది. ఇందాకటి లెక్కలో భాగహారం మిషనే చేసేసుకుంటుంది. మీరెలా కదిపినా కుట్టు పొడవు ఒకటే.

కాగితం మీద అమ్మ కోసమే చేసినట్టుంది కదా. డబ్బు సంగతి పక్కన పెడితే, దాన్ని కాదనడానికి నా దగ్గరున్న కారణం సాహిత్యపరమైనది మాత్రమే. అది చెప్తే ఇంట్లో నవ్వుతారు. అయినా ఇక్కడ చెప్తాను.

సుసాన్ గ్లాస్పెల్ 1916లో 'ట్రైఫిల్స్' అని ఒక చిన్న నాటకం రాసింది. మరుసటి ఏడు దాన్నే 'ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్' అన్న కథగా రాసింది. ఒక పల్లెటూరి ఇంట్లో భర్త హత్యకి గురయ్యాడు. భార్య జైల్లో ఉంది. మగవాళ్ళు సాక్ష్యాల కోసం ఇల్లంతా గాలిస్తుంటారు. వంటింట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళకి ఆవిడ సగంలో వదిలేసిన క్విల్టు ముక్కలు కనిపిస్తాయి. అన్నిటిలోనూ కుట్టు చక్కగా ఉంది, ఒక్క ముక్కలో తప్ప. అందులో కుట్లు దారి తప్పి పిచ్చిపిచ్చిగా ఉన్నాయి. ఆ ముక్క కుడుతున్నప్పుడు ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో ఇద్దరికీ అర్థమైపోతుంది. అప్పుడు వాళ్ళలో ఒకావిడ చేసిన పని ఏంటంటే, ఆ కుట్లు విప్పేసి, సూది తీసుకుని మళ్ళీ తిన్నగా కుట్టడం. సాక్ష్యం చెరిపెయ్యడమే అది. ప్రేమతో చేసింది కూడా.

కథ చదివి చాలా ఏళ్ళయినా, అమ్మ "పీకేసి మళ్ళీ కుట్టేద్దాం" అన్న రోజు నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. ఆ రెండు వరసల్ని పాఠంలా చదువుకున్నాను నేను. విప్పేస్తే ఏదో పోతుందనిపించింది. రెగ్యులేటర్ మిషన్ అంటే నా దృష్టిలో, ముందే విప్పేసి తిన్నగా కుట్టిపెట్టే మిషన్.

అమ్మకి ఈ కథ చెప్పాను. ఆవిడ మొత్తం విని ఒకటే అడిగింది: "ఆ జైల్లో ఉన్నావిణ్ణి అడిగారా ఎవరైనా, విప్పమంటావా ఉంచమంటావా అని?"

అడగలేదు. నాటకంలో ఆవిడ అసలు వేదిక మీదకే రాదు.

ఆలిస్ వాకర్ 1973 నాటి కథ 'ఎవ్రీడే యూజ్'లోనూ గొడవ క్విల్టుల మీదే. పట్నంలో చదువుకుని వచ్చిన డీకి అమ్మమ్మ చేతి క్విల్టులు గోడకి వేలాడదీసుకోడానికి కావాలి. ఇంట్లో ఉండిపోయిన చెల్లెలు మ్యాగీ అయితే కప్పుకుని చింపేస్తుందని ఆమె బాధ. తల్లి వేరేవి ఇస్తానంటే, వాటికి అంచులు మిషన్ మీద కుట్టారని వద్దంటుంది. ఎక్కువకాలం మన్నుతాయని తల్లి చెప్పినా వినదు. చదువుకున్న వాళ్ళకి చేతికుట్టు మీద ఉండే ఆరాధనని వాకర్ అక్కడ భలే పట్టుకుంది. అమ్మ బొంతలో ఆ రెండు వరసల మీద నాకున్న మమకారంలో డీ వాటా ఎంతో, కొడుకు వాటా ఎంతో చెప్పడం కష్టం.

చేతిపనికి మన దేశంలో అందరికంటే పెద్ద న్యాయవాది గాంధీ. ఆయన కూడా 1924లో యంత్రాల మీద అడిగిన ప్రశ్నకి జవాబిస్తూ సింగర్ కుట్టుమిషన్‌కి మినహాయింపు ఇచ్చాడు. భార్య కుట్టుపనితో పడే శ్రమ చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడన్నది ఆయన చెప్పిన కారణం. చరిత్రలో ఉన్న ఐజాక్ సింగర్ అలాంటి భర్తేమీ కాదు. ఒకే కాలంలో ఒకటికి మించిన సంసారాలు నడిపినవాడు. 1851లో ఆయన పేటెంటు తీసుకునే నాటికి ఎలియాస్ హోవ్ పేటెంటుకి ఐదేళ్ళు. అయినా గాంధీ అడిగిన అసలు ప్రశ్న చెల్లుతుంది: ఈ యంత్రం మనిషి శ్రమని తగ్గిస్తోందా, మనిషినే తప్పిస్తోందా? నేను షాపుల్లో అడగాల్సింది కూడా అదే.

రెగ్యులేటర్ విషయం చివరికి తేలింది సాహిత్యంతో కాదు. అమెరికాలో కొన్నేళ్ళుండి తిరిగొచ్చిన మా బంధువుల ఇంట్లో అలాంటి మిషన్ ఉంది. ఒక ఆదివారం అమ్మని తీసుకెళ్ళాను. ఆవిడ బట్ట జరుపుతుంటే కుట్లు ముత్యాల్లా పడ్డాయి. "ఇది నాకంటే ఓపిగ్గా ఉందే!" అని ముచ్చటపడింది కూడా. చిక్కు ఆగినప్పుడు వచ్చింది. వరస చివర అమ్మ బట్ట జరపడం ఆపి, ఇటు తిరిగి వాళ్ళతో ఏదో మాట్లాడుతోంది. చెయ్యి బట్ట మీదే ఉంది. చెయ్యి ఖాళీ అయింది కాబట్టి వణుకు మొదలైంది. వణుకుతో బట్ట కదిలింది. బట్ట కదిలింది కాబట్టి సెన్సర్ సూదిని నడిపింది. ఆవిడ మాట ముగించే లోపు ఆ ఒక్కచోటే చిన్న ముడి పడింది.

మిషన్ తప్పేమీ లేదు. కదలికకి జవాబివ్వడం దాని పని, ఇచ్చింది. కానీ ఏ కదలిక అమ్మది, ఏ కదలిక జబ్బుది అన్న తేడా దానికి తెలిసే దారి లేదు. పైగా సూది పక్కనే వేళ్ళు. నా షీట్‌లో ఆ వరస మొత్తం తీసేశాను. ఇంక వెతకాల్సింది, వద్దనుకున్నప్పుడు కచ్చితంగా ఆగే మిషన్.

చివరికి కొన్నది రెండో రకానికీ మూడో రకానికీ మధ్యది. మోడల్ పేరు చెప్పను, మోడళ్ళు మారిపోతుంటాయి. కొనేవాళ్ళకి పనికొచ్చేది ఇంతే: పళ్ళు మీటతో దిగుతాయి. ఖాళీ ఎనిమిది అంగుళాలు దాటింది. వేగానికి కళ్ళెం ఉంది, అడుగుకి దించినా నాలుగు పొరల్లోంచి సూది బలంగా దిగుతుంది. ఆపగానే సూది బట్టలోనే దిగి ఆగేలా పెట్టుకోవచ్చు, కాబట్టి మధ్యలో ఆగినా బట్ట జారదు. బాబిన్ పైనుంచి వేసుకునేది, పారదర్శకమైన మూతలోంచి దారం ఎంత మిగిలిందో కనిపిస్తుంది. సూదిలోకి దారం ఎక్కించడానికి చిన్న కొక్కెం ఉంది. పక్కల చెక్కబల్ల ఒకటి చేయించి మిషన్ మట్టానికి సమం చేశాం. బొంత బరువు బల్ల మీద పడాలి గానీ చేతుల మీద పడకూడదు. 14 నంబరు సూది, నూలు దారం.

షీట్‌లో లేనిది ఒకటి మేమే కనిపెట్టుకున్నాం. ఫ్రీ మోషన్‌కి కావాల్సినవి రెండు, చేతి వేగమూ సూది వేగమూ అని చెప్పాను కదా. అవి రెండూ ఒకే మనిషివి కావాలని రూలేమీ లేదు. పెడల్ వైరు పొడుగ్గా ఉంటుంది. అమ్మ మిషన్ ముందు కూర్చుంటుంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని పెడల్ తొక్కుతాను. అడుగున రబ్బరు అంటించిన బరువైన రింగు ఒకటి బట్ట మీద పెట్టి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని అమ్మ బొంతను జరుపుతుంది. వేళ్ళు ఎప్పుడూ రింగు బయటే, సూదికి దూరంగా. "ఊ" అంటే తొక్కాలి. "చాలు" అంటే ఆపాలి. ఆవిడ ఏమీ అనకపోయినా, చెయ్యి తేలిపోయినట్టనిపిస్తే ఆపాలి. రెగ్యులేటర్‌లో సెన్సర్ చేసే పని నేను చేస్తానన్నమాట, దానికంటే చాలా అధ్వాన్నంగా. కానీ వణుకుకీ కదలికకీ తేడా నాకు తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు పాత దుప్పటి మీద సాధన చేశాం. కింద దారం ఉండలు కట్టింది, పై దారం తెగింది, టెన్షన్ సర్దుకున్నాం. మందులు వేసుకున్న గంటకి అమ్మ చెయ్యి బాగా సాగుతుంది. ఆ టైం చూసుకుని కూర్చుంటాం. ఆఫీసు కాల్ ఆ టైంకి పడితే ఆ రోజు కుట్టు లేదు. అరగంట దాటితే ఆవిడకి మెడ నొప్పి, నాకు మడమ నొప్పి. ఒక్కోసారి ఆవిడ కంటే నా కాలు ముందుకెళ్ళిపోతుంది. "ఎక్కడికిరా అంత పరుగు, కింద రైలేమన్నా పోతోందా?" అంటుంది. అలాంటి చోట్ల కుట్లు కిక్కిరిసి ఉంటాయి. నేను పరధ్యానంగా కాలు తీసిన చోట సాగిపోయి ఉంటాయి. ఎంత తిన్నగా వేద్దామన్నా బొంతలో మిషన్ కుట్టిన భాగమంతా ఇలా పొట్టీ పొడుగే. ఆ కుట్టు ఆవిడది అనలేం, నాది అనలేం.

ఆ రెండు వరసల సంగతి చివరికి ఉంచుదామనుకున్నాం. మిగతా అంతా అయ్యాక, ఒక మధ్యాహ్నం అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వాటి మీద వేలితో రాసి చూసింది. నేను కుట్లు పీకే కొక్కెం ఆవిడ చేతికిచ్చి ఊరుకున్నాను. ఆఖరి వరస దగ్గర, "ఇది బిగుసుకుపోయింది. ముడత కాలికి గుచ్చుకుంటది" అని విప్పడం మొదలుపెట్టింది. కుట్లు పీకడం నెమ్మదైన చేతికి సరిపోయే పని. ఒక్కోటీ ఒక్కోటీ ఎత్తుతూ గంటన్నర పైగా పట్టింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. పాత నేతబట్ట కాబట్టి కుట్లు పోయినా రంధ్రాలు బారుగా అలాగే ఉండిపోయాయి. రెండు మూడు ఉతుకుల్లో దగ్గరపడతాయంది.

దాని ముందు వరస మీద కూడా వేలు పెట్టి రాసింది. పక్కనే మేమిద్దరం మిషన్ మీద వేసిన వరస ఉంది. దాన్నీ రాసి చూసింది.

"ఇది గుచ్చుకోదులే. ఉండనీ" అంది.

ఇప్పుడు మిగిలింది చుట్టూ అంచు. అమ్మమ్మ ముదురాకుపచ్చ చీర అంచు వెయ్యాలని అమ్మ. మెరూన్ అంచు బాగుంటుందని నేను. అంచు మాత్రం పళ్ళు పైకి లేపి మామూలుగానే కుట్టాలి, తిన్నగా రావాలి, ఆ పని నువ్వొక్కడివే చెయ్యి అని ముందే చెప్పేసింది. చలి వచ్చేలోపు అవ్వాలట. బహుశా ఆకుపచ్చే అవుతుంది.